మానిన గాయమా, మళ్ళీ వచ్చిన కేన్సరా?
పురీషనాళ కేన్సర్ చికిత్స తరువాత జంట స్కానింగ్ చేసే పని

మన శరీరంలో అన్ని అవయవాలకూ ఒకే మర్యాద లేదు. గుండెజబ్బు వచ్చిందంటే పదిమందికీ చెప్పుకుంటాం. బైపాస్ చేయించుకున్న పెద్దమనిషి పెళ్ళిపందిట్లో చొక్కా గుండీలు విప్పి కుట్లు చూపించడం నేను కళ్ళారా చూశాను. అదే జబ్బు మలద్వారానికి నాలుగు అంగుళాల పైన వచ్చిందనుకోండి, "కడుపులో ఏదో బాగాలేదట" అని మాట దాటేస్తాం. నెత్తురు పడితే మొలలనుకుంటాం. వేడి చేసిందని మజ్జిగ, సబ్జా గింజలు తాగిస్తాం. ఆరు నెలలు అలాగే గడిచిపోతాయి. ఇక పరాయి రాష్ట్రంలో ఉన్న మనవాళ్ళ ఇబ్బంది ఇంకొకటి. కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో డాక్టరుతో బేరసారాలంత ధీమాగా ఈ సంగతి చెప్పలేం. తెలుగులోనే చెప్పలేని మాట ఇంకో భాషలో ఎలా వస్తుంది?

పెద్దపేగు చివరి పదిహేను సెంటీమీటర్ల భాగాన్ని వైద్యులు పురీషనాళం అంటారు. దానికి వచ్చే కేన్సర్ గురించి, అందులోనూ ఆపరేషన్ అయి, రేడియేషన్ అయి, "ఇక పరవాలేదు" అనుకున్నాక మళ్ళీ తల ఎత్తే కేన్సర్ గురించి ఈ వ్యాసం. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళయింది. అయితే మా ఇంట్లో ఈ జబ్బు వచ్చినప్పుడు ఫైళ్ళు మోసినవాణ్ణి, రిపోర్టులు అర్థమయ్యేదాకా డాక్టర్లను విసిగించినవాణ్ణి నేనే. తెలుసుకున్నది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఎందుకు తిరగబెడుతుంది?

పురీషనాళం ఉన్న చోటు చాలా ఇరుకు. వెనుక త్రికాస్థి, ముందు మూత్రాశయం, పక్కల నరాలు, రక్తనాళాలు. గడ్డను కోసేటప్పుడు దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరలో నాలుగు కణాలు మిగిలిపోయినా అవే మళ్ళీ విత్తనాలవుతాయి. పూర్వం చాలా ఆసుపత్రుల్లో నలుగురిలో ఒకరికి అదే చోట తిరగబెట్టేదట. ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ పట్టణంలోని బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో ఒక పద్ధతి వివరించారు. పేగును, దాన్ని కప్పి ఉన్న కొవ్వు పొరను చెదరకుండా ఒకే మూటగా తీసెయ్యడం ఆ పద్ధతి. అది వ్యాపించాక, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇవ్వడం కూడా మొదలయ్యాక, అదే చోట తిరగబెట్టడం మంచి ఆసుపత్రుల్లో నూటికి పదికన్నా తక్కువకు దిగింది. కాని కణాలు రక్తంలో పడి కాలేయానికో, ఊపిరితిత్తులకో పోవడమనే బెడద అలాగే ఉంది.

పేగు కేన్సర్లలో తిరగబెట్టేవి నూటికి ఎనభై దాకా మొదటి మూడేళ్ళలోనే బయటపడతాయి. అందుకే ఆపరేషన్ అయిన అయిదేళ్ళవరకూ డాక్టర్లు రోగిని వదలరు. మొదటి రెండేళ్ళు మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి రక్తంలో సి.ఇ.ఎ. అనే పదార్థాన్ని కొలుస్తారు. కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు 1965లో దీన్ని కనుక్కున్నారు. పొగతాగని వారిలో ఇది సాధారణంగా మూడులోపు ఉంటుంది, పొగతాగేవారిలో అయిదు దాకా ఉండవచ్చు. ఆపరేషన్ తరువాత దిగిన అంకె మెల్లగా పైకి పాకుతుంటే ఏదో జరుగుతోందన్నమాట. ఎక్కడ జరుగుతోందో మాత్రం అది చెప్పదు. పైగా కాలేయం జబ్బుల్లోనూ, ఇంకా కొన్ని మామూలు జబ్బుల్లోనూ కూడా అది కొంచెం పెరుగుతుంది. కొందరి కేన్సర్ అసలు ఈ పదార్థాన్ని విడుదలే చెయ్యదు. అంకె బాగుంది కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు, ఒకసారి పెరిగిందని గుండె బాదుకోవడానికీ లేదు. ఒకే లేబరేటరీలో వరసగా చేయించిన అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి.

బొమ్మ ఒకటి, భోగట్టా ఒకటి

అంకె పెరిగితే సి.టి. స్కాన్ తీస్తారు. ఎక్స్-రే కిరణాలతో శరీరాన్ని రొట్టె ముక్కల్లా పొరలు పొరలుగా చూపించే యంత్రం ఇది. దీన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఇ.ఎమ్.ఐ. కంపెనీలో ఇంజనీరు. ఘంటసాల గారి పాటలు మన ఇళ్ళలో మోగించిన ఎచ్.ఎమ్.వి. రికార్డుల మాతృసంస్థ అదే! 1971 అక్టోబరులో లండనులో మొదటి రోగికి తలను స్కాన్ చేశారు. 1979లో ఆయనకూ, అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

సి.టి. చాలా గొప్పది. కాని పురీషనాళం తీసేసిన చోట దానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఆపరేషన్, రేడియేషన్ అయిన చోట గాయం మాని గట్టి కండ ఏర్పడుతుంది. త్రికాస్థికి ముందు అది ముద్దలా ఉంటుంది. మళ్ళీ వచ్చిన కేన్సర్ కూడా సరిగ్గా అక్కడే, అదే రంగులో, అదే ముద్దలా కనబడుతుంది. ఏది ఏదో బొమ్మలో తేడా తెలియదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఖాతా ఉందని సి.టి. చెబుతుంది. ఆ ఖాతాలో లావాదేవీలు నడుస్తున్నాయా, ఎన్నేళ్ళనుంచో కదలక పడి ఉందా అన్నది చెప్పలేదు.

లావాదేవీలు చూపించేది రెండో యంత్రం. దాని పేరు పెట్ స్కాన్. కేన్సర్ కణాలకు చక్కెర యావ ఎక్కువ. జర్మనీలో ఆటో వార్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలోనే ఈ సంగతి గమనించాడు. ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నా ఆ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్కుని సగం సగం మండించి పారేస్తాయి. ఆ ఆశనే ఎరగా పెట్టారు. గ్లూకోజ్ అణువులో చిన్న మార్పు చేసి, ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలిస్తారు. దీన్ని ఎఫ్.డి.జి. అంటారు. నరంలోకి ఎక్కిస్తే మామూలు చక్కెరే అనుకుని కణం లోపలికి లాక్కుంటుంది, కాని అరిగించుకోలేదు. అది లోపలే చిక్కుకుపోతుంది. దానిలోంచి వెలువడే పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ నశిస్తాయి. ఆ చోటినుంచి రెండు కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో దూసుకువెళ్తాయి. చుట్టూ ఉన్న ఉంగరంలాంటి యంత్రం రెంటినీ ఒకే క్షణంలో పట్టుకుని, ఆ గీత మీద ఎక్కడో వెలుగుందని లెక్క కడుతుంది. అలాంటి గీతలు లక్షలు కలిస్తే బొమ్మ వస్తుంది.

ఎఫ్.డి.జి.ని 1976లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటిసారి మనుషులకిచ్చారు. మందు తయారైంది బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో. విమానంలో ఫిలడెల్ఫియాకు తెచ్చారు. ఎందుకంత హడావుడి అంటే, ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. మా కామర్స్ వాళ్ళకు తరుగుదల లెక్క అలవాటే గాని గంటా యాభై నిమిషాలకు నూటికి యాభై చొప్పున తరిగే ఆస్తిని నేను ఏ బ్యాలెన్స్ షీటులోనూ చూడలేదు! పొద్దున్న తయారైన మందు సాయంత్రానికి పదహారో వంతు కూడా మిగలదు. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ దగ్గర్లో ఉండాలి, లేదా రోజూ విమానం మీదో కారు మీదో రావాలి. విమానం ఆలస్యమైతే ఆ రోజు స్కానింగ్ కూడా ఆలస్యమే. రోగి బంధువులు కౌంటరు దగ్గర పోట్లాడి లాభం లేదు.

రెండూ ఒకే మంచం మీద

పెట్ బొమ్మ ఒక్కదాన్నే చూస్తే చీకట్లో దీపాలు చూసినట్టుంటుంది. వెలుగు కనబడుతుంది గాని అది ఏ ఇంట్లోదో తెలియదు. మెదడు వెలుగుతుంది, గుండె వెలుగుతుంది, మూత్రపిండాలు వెలుగుతాయి. మూత్రంలోకి దిగిన ఎఫ్.డి.జి. వల్ల మూత్రాశయమైతే ధగధగలాడుతుంది. పురీషనాళం తీసేసినవారిలో ఇది పెద్ద తిరకాసు. ఖాళీ అయిన చోటులోకి మూత్రాశయం వెనక్కి జారుతుంది. ఆడవారిలో గర్భసంచీ జారుతుంది. అంటే కేన్సర్ తిరగబెట్టే స్థానంలోనే మూత్రం మెరుస్తూ కూర్చుంటుంది. పక్కన సి.టి. బొమ్మ లేకపోతే ఆ మెరుపును చూసి బెదిరిపోవలసిందే.

మొదట్లో రెండు స్కాన్లు వేర్వేరు రోజుల్లో తీసి, బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసేవారు. రోగి పడుకున్న తీరు మారుతుంది, పేగులు కదులుతాయి, అంగుళం తేడా వస్తుంది. ఈ ఇరుకు చోటులో అంగుళమంటే మాటలు కాదు. డేవిడ్ టౌన్‌సెండ్, రొనాల్డ్ నట్ అనే ఇద్దరు రెండు యంత్రాలనూ ఒకే గూట్లో బిగించారు. మొదటి నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో పనిచెయ్యడం మొదలుపెట్టింది. టైమ్ పత్రిక 2000 సంవత్సరంలో వైద్యరంగంలో ఆ ఏటి ఆవిష్కరణగా దాన్ని ఎంచింది. రోగి కదలకుండా ఒకే మంచం మీద పడుకుంటాడు. ముందు సి.టి., వెంటనే పెట్. తరువాత కంప్యూటర్ ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. వెలుగు ఏ ముద్దదో, ముద్ద వెలుగుతోందో లేదో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

మన దేశంలో వైద్యానికి పనికొచ్చే మొదటి సైక్లోట్రాన్ 2002లో ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌కు వచ్చింది. ఆ ఆవరణకు పక్కనే ఉన్న టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2004 డిసెంబరులో మొదటి పెట్-సి.టి. మొదలైంది. ఇప్పుడు చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు, విశాఖ, భువనేశ్వర్‌లలో కూడా ఉన్నాయి. యానాం మిత్రులకు ఇంకా ప్రయాణం తప్పదు గాని ముంబయి తప్ప గతి లేని రోజులు పోయాయి.

బావగారి కాలేయం

మా పెద్దబావగారిది బరంపురంలో బట్టల కొట్టు. 2017లో విశాఖలో ఆయనకు పురీషనాళం ఆపరేషన్ అయింది. రెండేళ్ళు సి.ఇ.ఎ. రెండు దగ్గరే ఉంది. 2019లో నాలుగయింది, మూడు నెలలకు ఎనిమిదికి దగ్గరయింది. మనిషికి ఏ బాధా లేదు. ఆకలి బాగుంది, కొట్టుకు వెళ్తున్నారు. సి.టి. తీస్తే త్రికాస్థి ముందు మూడు సెంటీమీటర్ల ముద్ద కనిపించింది. గాయం మానిన కండ కావచ్చు, కేన్సర్ కూడా కావచ్చు అని రిపోర్టు.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. మా మేనల్లుడు వెంటనే కోయించాలంటాడు. "మళ్ళీ కోస్తారుట్రా? ఈసారి మనిషి మిగులుతాడా?" అని అక్కయ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఆ చోట రెండోసారి కోయాలంటే మూత్రాశయం తీసెయ్యాల్సి రావచ్చు, త్రికాస్థిలో కొంత చెక్కెయ్యాల్సి రావచ్చు అని సర్జన్ ముందే చెప్పారు. బావగారు మాత్రం "ఏమోయ్, మీ బ్యాంకులో ఆడిట్ అయిందాకా ఎవరినీ సస్పెండ్ చెయ్యరు కదా?" అన్నారు. సర్జన్ కూడా దాదాపు అదే అన్నారు. పెట్-సి.టి. చూసేదాకా కత్తి పట్టనన్నారు.

స్కాన్‌లో త్రికాస్థి ముందున్న ముద్ద చల్లగా, చీకటిగా ఉంది. అది వట్టి మానిన గాయం. వెలుగు కనబడింది కాలేయం కుడివైపున, ఒకటిన్నర సెంటీమీటర్ల చుక్కగా. ముందు తీసిన సి.టి.ని తిరిగి చూస్తే అక్కడ పలచని నీడ ఒకటి ఉంది గాని అందరి దృష్టీ కింద ఉన్న ముద్ద మీదే పోయింది. కాలేయానికి ఎమ్.ఆర్.ఐ. తీసి నిర్ధారించుకున్నారు. ఇంకెక్కడా లేదు కాబట్టి కాలేయంలో ఆ ముక్క కోసేశారు. పరీక్షలో అది కేన్సరే. ఆ తరువాత ఆరునెలలు కీమోథెరపీ. ఆ మందుల్లో లూకోవొరిన్ అనే పేరు చూసి ఆసక్తి కొద్దీ అడిగితే అది ఫోలిక్ ఆమ్లానికి దగ్గర చుట్టమని తెలిసింది. లెడర్లీ కంపెనీలో మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే! ఈ సంగతి చెబితే సెలైన్ సీసా కింద పడుకున్న బావగారు "అయితే మనవాడి మందేనన్నమాట" అని రెండు చేతులూ జోడించారు.

ఆయన సి.ఇ.ఎ. మళ్ళీ రెండుకు దిగింది. ఇప్పుడు డెబ్బైదాటి, కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. బావగారి పక్క మంచం ఆయనకు ఇదే స్కాన్‌లో కాలేయంలోనూ, ఊపిరితిత్తుల్లోనూ చాలాచోట్ల వెలుగులు కనిపించాయి. ఆపరేషన్ మానుకుని మందులతోనే ఆయన్ని ఇంటికి పంపారు. వృథా అయ్యే పెద్ద కోత తప్పించడం కూడా ఈ స్కాన్ చేసే పనేనని ఆ రోజు నాకు అర్థమైంది. కెనడాలో పేగు కేన్సర్ కాలేయానికి పాకిన 404 మందిపై జరిగిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. పెట్-సి.టి. తీయించినవారిలో నూటికి సుమారు ఎనిమిదిమందికి ఆపరేషన్ ఆలోచన మారిందట. ఎనిమిదేనా అనిపిస్తుంది. ఆ ఎనిమిదిలో మనవాడుంటే అలా అనిపించదు.

యంత్రం పొరబడే చోట్లు

చీము పట్టినా, కుట్లు మానకపోయినా, రేడియేషన్ వేడి తగ్గకపోయినా ఆ చోట తెల్లకణాలు చేరతాయి. వాటికీ చక్కెర కావాలి, అవీ వెలుగుతాయి. అందుకని రేడియేషన్ అయిన రెండు మూడు నెలలవరకూ సాధారణంగా ఈ స్కాన్‌కు తొందరపడరు. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. జిగట ఎక్కువగా ఉండే ఒక రకం పేగు కేన్సర్ చక్కెరను అంతగా లాక్కోదు, కనుక వెలగదు. సెంటీమీటరులోపు చుక్కలు తప్పించుకోవచ్చు. రిపోర్టులో ఎస్.యు.వి. అని ఒక అంకె ఉంటుంది. మేము వడ్డీరేటు చూసినట్టు దాన్ని చూసి తీర్పు చెప్పెయ్యకూడదు. అనుమానం మిగిలితే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. కటివలయంలో పొరల వివరం చూడాలంటే ఎమ్.ఆర్.ఐ. మెరుగు. ఇప్పుడు పెట్‌నూ, ఎమ్.ఆర్.ఐ.నీ కలిపిన యంత్రాలు కూడా వచ్చాయి గాని అవి కొద్దిచోట్లే ఉన్నాయి, ఖరీదూ ఎక్కువే.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. "డబ్బుకేం, ఆరునెలలకోసారి పెట్ తీయించేద్దాం" అనే కొడుకులు ఉంటారు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్ళు. ఏ అనుమానమూ లేనివారికి వరసగా ఈ స్కాన్ తియ్యమని వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు. మామూలు కాపలాకు రక్తపరీక్ష, సి.టి., కొలొనోస్కోపీ చాలు. అంకె పెరిగి సి.టి.లో ఏమీ దొరకనప్పుడు, దొరికింది ఏమిటో తేలనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు సిద్ధపడేముందు దీని అవసరం వస్తుంది. మామూలు కాపలా విషయంలోనూ అతిశయోక్తులు వద్దు. బ్రిటనులో 1,202 మందిపై జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, అప్పుడప్పుడు మాత్రమే చూసినవారిలో నూటికి 2.3 మందికి నయంచేసే ఉద్దేశంతో మళ్ళీ ఆపరేషన్ చెయ్యగలిగారు. సి.ఇ.ఎ.తోనో, సి.టి.తోనో శ్రద్ధగా కనిపెట్టి చూసినవారిలో అది ఆరునుంచి ఎనిమిది దాకా పెరిగింది. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. ఈ అంకెలు డాక్టర్లు మనకు చెప్పరు, మనమూ అడగం. అడిగితే చెబుతారు, మా సర్జన్ కాగితం మీద గీసి మరీ చెప్పారు.

వెళ్ళే రోజు

నాలుగునుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగవచ్చు. కాఫీ వద్దు, పంచదార లేకుండా అయినా సరే. ముందురోజు బరువులెత్తడం, పరుగులు వద్దు. పనిచేసిన కండరం కూడా చక్కెర లాగుతుంది. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తంలో చక్కెర 200 దాటితే సాధారణంగా స్కాన్ వాయిదా వేస్తారు. మెట్‌ఫార్మిన్ వేసుకునేవారి పేగులు మొత్తం వెలుగుతాయి కనుక రెండురోజుల ముందు దాన్ని ఆపమని చెప్పవచ్చు. ఆపడం డాక్టరు చెబితేనే సుమా! ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు కదలక మెదలక పడుకోవాలి. కబుర్లు కూడా చెప్పకూడదు. మా బావగారికి అన్నిటికన్నా కష్టమైన భాగం అదే. తరువాత మూత్రం పోసుకుని వచ్చి యంత్రం మీద ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుకుంటే అయిపోతుంది. ఆ రోజంతా నీళ్ళు బాగా తాగాలి. కొన్ని గంటలు పసిపిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు, గర్భిణులు దూరంగా ఉండాలి. తెల్లవారేసరికి ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు.

ప్రైవేటు సెంటర్లలో సుమారు పదివేలనుంచి పాతికవేల దాకా అవుతుంది, ప్రభుత్వ సంస్థల్లో తక్కువ. ఆరోగ్య బీమా ఉందని ధీమాగా వెళ్ళకండి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న పరీక్షకు సొమ్ము ఇవ్వని పాలసీలు చాలా ఉన్నాయి. అయితే ఆపరేషన్‌కు ముందు ముప్ఫై రోజులు, తరువాత అరవై రోజులలో జరిగిన పరీక్షల ఖర్చు చాలా పాలసీల్లో క్లెయిము చేసుకోవచ్చు. బిల్లు తేదీలు, డాక్టరు రాసిన చీటీ జాగ్రత్త చేసుకోవాలి. కేన్సర్ రోగులకు చికిత్సకో, పరీక్షకో వెళ్ళేటప్పుడు రైల్వేవారి రాయితీ ఉంది. స్లీపరులో, మూడో ఏసీలో రోగికి టిక్కెట్టు పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవారికి నూటికి డెబ్బైఅయిదు మాఫీ. ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన నిర్ణీత పత్రం కావాలి. బరంపురం నుంచి విశాఖకు అన్ని సార్లు తిరిగిన మావాళ్ళకు ఈ సంగతి మూడో ప్రయాణంలో పక్క బెర్తు వాళ్ళు చెబితే తెలిసింది.

పాత స్కాన్ల సీడీలు, ఫిల్ములు పారెయ్యవద్దు. కొత్త బొమ్మ చదివే డాక్టరు మొదట అడిగేది అదే. నిరుడు ఈ ముద్ద ఎంత ఉందో తెలిస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. మా అక్కయ్య పట్టుచీరల బీరువాలో కింది అర ఖాళీ చేసి, తేదీల వారీగా అంటించిన కవర్లలో అవన్నీ పెట్టింది.